అమెరికా విశ్వవిద్యాలయంలో చూసిన పొదుపు లెక్కలు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము. – సంపాదకవర్గం)



ఈ సభలో నన్ను నాలుగు మాటలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. "డి.ఆర్. బకాయిల మీద, హెల్త్ కార్డుల మీద మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. మీరు అమెరికా వెళ్ళొచ్చారు కదా, అక్కడి సంగతులు చెప్పండి" అన్నారు. అమెరికా వెళ్ళొచ్చినవారు చెప్పే సంగతులు మీకందరికీ కంఠతా వచ్చు. రోడ్లు అద్దాల్లా ఉంటాయి, హారన్ కొట్టరు, పక్కింటివాడు పలకడు, గోంగూర మాత్రం దొరుకుతుంది. వాటి జోలికి నేను పోను. అక్కడ ఒక విశ్వవిద్యాలయం చూశాను. దాని గురించి చెబుతాను.

నేను శాస్త్రవేత్తను కాను. 1972లో ఎల్.డి.సి.గా చేరి 2008లో సూపరింటెండెంటుగా దిగిపోయిన గుమాస్తాను. ముప్ఫై ఆరేళ్ళు లెక్కల పుస్తకాలు చూసిన కన్ను కాబట్టి, వాళ్ళు లెక్క ఎలా రాస్తున్నారన్నదే చూశాను. చూసి వచ్చాక నా సర్వీసులో నేను చేసిన ఒక తప్పు నాకు నిద్రపట్టనివ్వలేదు. అది కూడా ఈ వేదిక మీద చెప్పుకుంటాను. ఆఖరున మన సంఘ భవనం గురించి ఒక ప్రతిపాదన ఉంది. అధ్యక్షులవారు సమయం చూసి గంట కొట్టేలోగా ముగిస్తాను.

పదిహేడు లక్ష్యాలు

2015వ సంవత్సరం సెప్టెంబరు 25న న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలు 193 కలిసి ఒక తీర్మానం చేశాయి. 2030 నాటికి సాధించవలసిన పనులని 17 లక్ష్యాలు పెట్టుకున్నాయి. వాటికింద 169 ఉపలక్ష్యాలు ఉన్నాయి. వీటినే సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు అంటున్నారు. మొదటిది పేదరికం పోవాలని, రెండోది ఆకలి పోవాలని. మూడు ఆరోగ్యం, నాలుగు చదువు, అయిదు స్త్రీపురుష సమానత్వం, ఆరు నీరు, పారిశుధ్యం, ఏడు కాలుష్యంలేని విద్యుత్తు. పన్నెండోది వస్తువుల వాడకంలో బాధ్యత, పదమూడోది వాతావరణ మార్పును ఎదుర్కోవడం. ఇలా పదిహేడు.

సుస్థిరం అంటే ఏమిటని మిత్రులొకరు అడిగారు. మన అనంతపురం రైతును అడిగితే చెబుతాడు. ఎంత కరువొచ్చినా విత్తనపు శనక్కాయల జోలికి పోడు. పిల్లలు ఏడ్చినా ఆ మూట విప్పడు. అది తింటే వచ్చే ఏడు నేలలో ఏం వేస్తాడు? పెన్షనర్ల భాషలో చెప్పాలంటే ఇంకా సులువు. మనమందరం రిటైరైన రోజున పెన్షన్‌లో కొంత భాగం కమ్యూటేషన్ చేసుకుని డబ్బు ఒక్కసారే తీసుకున్నాం. దానికి పదిహేనేళ్ళు మన పెన్షన్‌లోనే కోత పడింది. న్యాయమే, తీసుకున్నది మనం, కోత మనకు. భూమి విషయంలో మాత్రం బొగ్గు, నీళ్ళు, అడవి అన్నీ కమ్యూట్ చేసుకుని డబ్బు తీసుకున్నది మన తరం. కోత పడుతున్నది మనవళ్ళ పెన్షన్‌లో. ఇది ఆపాలన్నదే ఆ పదిహేడు లక్ష్యాల సారాంశమని నాకు అర్థమైంది.

తీర్మానాలంటే మనకు కొత్తకాదు. జి.ఓ. వస్తుంది, ఇన్‌వర్డు రిజిస్టరులో ఎక్కుతుంది, సెక్షన్‌కు వెళుతుంది, ఫైలు తయారవుతుంది, 'నోట్ చేసుకోవడమైనది' అని సంతకాలు పడతాయి, ఫైలు మూతపడుతుంది. ఈ పదిహేడూ అలాగే ఉంటాయని నేను అనుకున్నాను. నా మనవడితో ఆ మాటే అన్నాను. "రా తాతా, మా యూనివర్సిటీ చూద్దువుగాని" అని తీసుకెళ్ళాడు.

ఎడారిలో విశ్వవిద్యాలయం

మా పెద్దబ్బాయి ఆరిజోనా రాష్ట్రంలో చాండ్లర్ అనే ఊళ్ళో ఉంటాడు. మనవడు ఆ పక్కనే ఉన్న టెంపీ పట్టణంలో ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఇంజనీరింగు చదువుతున్నాడు. 2024 ఫిబ్రవరిలో నేనూ మా ఆవిడా బెంగుళూరులో విమానం ఎక్కి వెళ్ళి అయిదు నెలలు ఉండి వచ్చాం.

అది ఎడారి ప్రాంతం. ఫీనిక్స్ నగరంలో ఏడాదికి కురిసే వాన సగటున 180 మిల్లీమీటర్ల చిల్లర. కరువు సీమ అని పేరు మోసిన మన అనంతపురంలో కూడా 550 మిల్లీమీటర్ల దాకా కురుస్తుంది. అంటే మనకు పడే వానలో మూడో వంతు వానతో వాళ్ళు బతుకుతున్నారు. 2023లో జూన్ 30 నుంచి జులై 30 వరకు వరుసగా 31 రోజులు అక్కడ ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 43 డిగ్రీల పైనే ఉంది. ఆ ఒక్క సంవత్సరం ఆ ఒక్క కౌంటీలో ఎండ కారణంగా 645 మంది చనిపోయారు. డబ్బున్న దేశంలో, ఇంటింటా ఏ.సి. ఉన్నచోట! ఈ లక్ష్యాలు వాళ్ళకు ఉపన్యాసాల విషయం కాదని అప్పుడే తెలిసింది.

నీళ్ళ సంగతి వింటే మన కథే. మనకు తుంగభద్ర ఎగువ కాలువ ఉన్నట్టు వాళ్ళకు కొలరాడో నది నుంచి 336 మైళ్ళ కాలువ ఉంది. నదిలో నీళ్ళు తగ్గాయని 2021 ఆగస్టులో ప్రభుత్వం ప్రకటించి, 2022 నుంచి ఆరిజోనా వాటాలో కోత పెట్టింది. కాలువ చివర పొలాలవాళ్ళు ఏడ్చారు. వెనకటి కాలంలో ఆ లోయలో హోహోకాం అనే ఆదివాసీ జాతివారు చేతి పనిముట్లతో వందల మైళ్ళ పంటకాలువలు తవ్వుకున్నారట. ఇప్పటి నగరం వాటి మీదనే లేచింది. మనకు విజయనగర రాజులనాటి బుక్కరాయసముద్రం చెరువు ఎలాగో, వాళ్ళకు అవి అలాగ. పాతవాళ్ళు నీటి విలువ తెలిసినవాళ్ళు, అక్కడైనా ఇక్కడైనా.

ఆ విశ్వవిద్యాలయం 1885లో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలగా పుట్టింది. ఒక కసాయి వ్యాపారి దంపతులు తమ 20 ఎకరాల భూమి ఇచ్చారు. 1958లో రాష్ట్ర ప్రజలు ఓట్లు వేసి దాన్ని విశ్వవిద్యాలయంగా చేసుకున్నారు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో చదివేవారితో కలిపి లక్షమందికి పైగా విద్యార్థులు. సుస్థిరత అనే విషయానికి ప్రత్యేకంగా ఒక కళాశాలను 2006లో పెట్టారు; అమెరికాలో అలాంటిది అదే మొదటిదని చెబుతారు. ఐక్యరాజ్యసమితి తీర్మానానికి తొమ్మిదేళ్ళ ముందు మాట అది. లక్ష్యాలు వచ్చాక పని మొదలుపెట్టలేదు, చేస్తున్న పనికి లక్ష్యాల నంబర్లు వేసుకున్నారు.

కంటితో చూసినవి

మొదట కనిపించేది సౌరఫలకాలు. మిద్దెల మీద ఉండడం మనకూ తెలుసు. అక్కడ కార్లు నిలిపే మైదానాల మీద పందిళ్ళలాగా వేశారు. పైన కరెంటు, కింద నీడ. ఎండలో నిలిపిన కారు సీటు మీద కూర్చుంటే కాలిపోయే ఊరు అది. ఒక ఖర్చుతో రెండు పనులు. విశ్వవిద్యాలయం ఆవరణల్లో దాదాపు 90 చోట్ల, మొత్తం 24 మెగావాట్ల దాకా పెట్టారు. మెగావాటంటే వెయ్యి కిలోవాట్లు. మన దగ్గర కిలోవాటుకు రోజుకు 4 యూనిట్లు వస్తుందంటారు. ఆ లెక్కన చూసుకున్నా రోజుకు 96 వేల యూనిట్లు. అయినా వాళ్ళ వాడకం మొత్తానికి అది చాలదు. అందుకే ఊరి బయట వేరేచోట ఉన్న సౌరవిద్యుత్ కేంద్రం నుంచి కూడా 2017 నుంచి కరెంటు తీసుకుంటున్నారు.

రెండోది చెట్లు. ఆ ఆవరణను 1990లో అధికారికంగా వృక్షోద్యానంగా గుర్తించారు. మధ్యలో పామ్ వాక్ అనే బాట ఉంది. 1916లో నాటిన పొడుగాటి తాటిజాతి చెట్లు ఇరువైపులా ఉండేవి. నూరేళ్ళు నిండి అవి ముసలివైపోతే, వాటి స్థానంలో ఖర్జూరపు చెట్లు నాటారు. ఎందుకంటే వాటికి నీడ ఎక్కువ, పైగా కాపు ఉంటుంది. అందానికి అందం, నీడకు నీడ, పండుకు పండు. ఇలా ఆలోచించినవారెవరో మన పల్లెల్లో పుట్టవలసినవారే అనుకున్నాను.

మేం వెళ్ళింది పుల్లనారింజ కాపు కాలం. ఆవరణ నిండా ఆ చెట్లే. ఒకప్పుడు కాయలు రాలి, జనం కాళ్ళకింద నలిగి, ఊడ్చి పారెయ్యడానికి ఖర్చయ్యేదట. ఇప్పుడు విద్యార్థులు, సిబ్బంది స్వచ్ఛందంగా కోస్తారు. రసం అక్కడి భోజనశాలల వంటల్లోకి వాడతారు. మా ఆవిడ ఒక కాయ వాసన చూసి, "ఇది మన దబ్బకాయకు చెల్లెలు, పులిహోరకు బ్రహ్మాండంగా ఉంటుంది" అని తీర్పు చెప్పింది. చెత్త పద్దు కింద ఉన్నది సరుకు పద్దు కిందకు వచ్చింది.

ఇక ఆకలి గురించి. అమెరికాలో విద్యార్థికి ఆకలేమిటి అనుకుంటాం. ఫీజులు, అద్దెలు కట్టి, నెలాఖరుకు తిండికి లేనివాళ్ళు అక్కడా ఉన్నారు. విద్యార్థులే నడిపే ఒక ఉచిత సరుకుల కొట్టు ఆ విశ్వవిద్యాలయంలో ఉంది. ఎవరినీ చిన్నబుచ్చకుండా సరుకులిస్తారు. రెండో లక్ష్యం న్యూయార్కు నుంచి దిగివచ్చి ఒక గదిలో బీరువాల మధ్య నిలబడడం అంటే అదే.

రాకపోకలకు 2008 డిసెంబరులో మొదలైన లైట్ రైలు విశ్వవిద్యాలయం ముందు నుంచే పోతుంది. విద్యార్థులకు తక్కువ ధరకు పాసు ఇస్తారు. మనవడికి కారున్నా చాలా రోజులు సైకిలే.

మూడు పద్దులు

ఇప్పుడు అసలు లెక్కకు వస్తాను. మనం కాల్చే బొగ్గు, పెట్రోలు, గ్యాసుల వల్ల గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగి భూమి వేడెక్కుతున్నదని అందరికీ తెలిసిందే. ఒక సంస్థ వల్ల ఎంత వెలువడుతున్నదో లెక్క కట్టడానికి మూడు పద్దులు పెడతారు. మొదటి పద్దు, సంస్థ స్వయంగా తన ఆవరణలో కాల్చినది: బాయిలర్లు, వాహనాలు. రెండో పద్దు, కొన్న కరెంటు కోసం ఇంకొకచోట కాల్చినది. మూడో పద్దు, సిబ్బంది, విద్యార్థులు రావడానికీ పోవడానికీ, విమాన ప్రయాణాలకూ, కొన్న వస్తువుల తయారీకీ కాల్చినది.

మొదటి రెండు పద్దుల్లో 2025 నాటికి నికరంగా సున్నాకు రావాలని ఆ విశ్వవిద్యాలయం పెట్టుకుంది. 2019లోనే, ఆరేళ్ళు ముందుగా, సాధించామని ప్రకటించింది. మూడో పద్దుకు 2035 గడువు.

'నికరంగా' అన్న మాట వినగానే నాలోని గుమాస్తా లేచి కూర్చున్నాడు. నికరం అంటే ఎక్కడో ఏదో మినహాయించారన్నమాట. మనవడిని అడిగాను. నిజమే. భవనాల్లో వాడకం తగ్గించారు, సౌరవిద్యుత్తు పెట్టారు. అయినా మిగిలిన దానికి, వేరేచోట ఎవరో తగ్గించిన కాలుష్యాన్ని డబ్బిచ్చి కొని తమ ఖాతాలో జమ వేసుకున్నారు. మన భాషలో దీన్ని పుస్తక సర్దుబాటు అంటారు. పుస్తక సర్దుబాటు తప్పుకాదు, ట్రెజరీలో మనమూ చేశాం. కాని సర్దుబాటుతో నగదు పెట్టెలోకి రూపాయి రాదు. ఇలా కొన్న జమల మీద ప్రపంచంలో చాలా విమర్శలున్నాయి. ఈ మాట కూడా చెప్పకపోతే నేను మీకు అమెరికా భజన చేసినవాడినవుతాను.

చెత్త విషయంలో వాళ్ళు ఓడిపోయారు కూడా. తమ చెత్తలో నూటికి 90 వంతులు చెత్తకుప్పకు పోకుండా ఎరువుగానో, తిరిగి సరుకుగానో మార్చాలనీ, 2015 నాటికి చెయ్యాలనీ లక్ష్యం పెట్టుకున్నారు. దరిదాపులకు కూడా రాలేకపోయారు. ఫుట్‌బాల్ స్టేడియంలో ఆట జరిగేరోజు ప్రతి చెత్తబుట్ట దగ్గర మనిషిని నిలబెట్టి ఏది ఎందులో వెయ్యాలో చెప్పించినా, జనం జనమే కదా. నన్ను ఆకట్టుకున్నది వాళ్ళు గెలిచిన లెక్క కంటే ఈ ఓడిన లెక్కే. దాన్ని దాచలేదు. తక్కువ వచ్చిన అంకెను తక్కువగానే ఏటా ప్రచురించారు. పైగా ఏ భవనం ఎంత కరెంటు వాడుతున్నదో ఎవరైనా చూసుకునేటట్టు 'క్యాంపస్ మెటబాలిజం' అనే ఏర్పాటు పెట్టారని మనవడు చెప్పాడు. మన కార్యాలయం కరెంటు బిల్లును గేటు మీద అంటించినట్టు! ఆ పని చేసే ధైర్యం మన సర్వీసులో ఎంతమంది అధికారులకు ఉండేదో మీరే ఆలోచించండి.

ఇలాంటి సంస్థలకు లక్ష్యాలవారీగా మార్కులు వేసి, ప్రపంచ విశ్వవిద్యాలయాలకు వరుస నంబర్లు ఇచ్చే పద్ధతి లండన్ పత్రిక ఒకటి 2019లో మొదలుపెట్టింది. 2022లో ఆస్ట్రేలియాలోని వెస్టర్న్ సిడ్నీ విశ్వవిద్యాలయం మొదటిది, ఈ ఆరిజోనా రెండోది. మన దేశంలో కూడా న్యాక్ బృందం వచ్చినప్పుడు సౌరవిద్యుత్తు ఉందా, వాననీటి గుంతలున్నాయా, చెత్త ఏం చేస్తున్నారు అని అడిగి మార్కులు వేస్తూ వచ్చింది. మంచిదే. కాని మార్కులున్నచోట ఒక ప్రమాదం ఉంది. ఆ ప్రమాదం ఎలాంటిదో నాకు బాగా తెలుసు. ఎందుకంటే ఒకప్పుడు ఆ పని చేసినవాడిని నేనే.

ఎనభై రెండు శాతం

ఇది 1980లలో సంగతి. కార్యాలయం పేరు, అధికారుల పేర్లు చెప్పను. తప్పు నా కలానిది. మన దేశంలో 1950లో కె.ఎం. మున్షీగారు వనమహోత్సవం ప్రారంభించిన సంగతి మీకు తెలుసు. ఏటా జులైలో మా కార్యాలయానికీ మొక్కలు వచ్చేవి. ఆ సంవత్సరం 500 మొక్కలు వచ్చాయి. పెద్దలు వచ్చి రెండు మొక్కలు నాటారు, ఫొటో తీశారు, టీ తాగారు. నిజంగా తవ్విన గుంతలు మూడు వందలు కూడా లేవు. మిగిలిన మొక్కలు షెడ్డు వెనక సంచుల్లోనే ఎండిపోయాయి. సెప్టెంబరు తర్వాత వాటికి నీళ్ళు పోసే మనిషి లేడు, కాంటింజెన్సీలో డబ్బు లేదు.

మార్చిలో పై కార్యాలయం నుంచి ప్రొఫార్మా వచ్చింది. నాటినవి ఎన్ని? బతికినవి ఎన్ని? శాతం ఎంత? నేను ఆవరణంతా తిరిగి లెక్కపెట్టాను. బతికి ఉన్నవి 41. ఆ అంకెతో ఫైలు పెట్టాను. అధికారిగారు చూసి, "పోయినేడు ఎంత పంపాం?" అన్నారు. "ఎనభై శాతం సార్" అన్నాను. "మరి ఈసారి తగ్గితే ఎందుకు తగ్గిందని సంజాయిషీ ఎవరు రాస్తారు?" అన్నారు. అంతే. ఆయన ఏ అంకె వెయ్యమనీ చెప్పలేదు. నా బల్ల దగ్గరకు వచ్చి, పాత కాగితం తీసి, కొత్తది పెట్టి, 82 అని నేనే వేశాను. 500కు 410. నలభై ఒకటికి పక్కన ఒక సున్నా చేర్చానంతే. పిల్లల ఫీజులు, చెల్లెలి పెళ్ళి, బదిలీ భయం – కారణాలు చెప్పుకుంటే చాలా ఉన్నాయి. రెండు నెలల తర్వాత మా కార్యాలయాన్ని అభినందిస్తూ ఉత్తరం వచ్చింది. దాన్ని నేనే ఇన్‌వర్డులో ఎక్కించాను.

ఆ సున్నా వల్ల ఏం నష్టం జరిగింది? మామీద ఎవరూ ఆడిట్ పెట్టలేదు. కాని ఆ కాగితంలో 41 అని ఉంటే, ఎవరైనా ఒకరు ఎందుకని అడిగి ఉండేవారేమో. నీళ్ళు పోసే మనిషికి పద్దు లేదని తెలిసేదేమో. మరుసటేడు వంద మొక్కలే తెచ్చి వందా బతికించేవాళ్ళమేమో. 82 శాతం బాగున్నచోట ఎవరూ ఏమీ సరిచెయ్యరు. ఏటా 500 మొక్కలు వచ్చాయి, ఏటా ఎండాయి. నేను రాసిన అబద్ధం ఒక సంవత్సరానిది కాదు, అన్ని సంవత్సరాలదీ.

బతికిన నలభై ఒకటిలో ఒక వేపచెట్టు సంగతి చెప్పాలి. అది షెడ్డు మూల ఉండేది. మా అటెండరు రోజూ మధ్యాహ్నం మా అందరి టిఫిను గిన్నెలు కడిగిన నీళ్ళు దాని మొదట్లో పోసేవాడు. అతనికి లక్ష్యాలు తెలియవు, శాతాలు తెలియవు. దగ్గరలో ఇంకెక్కడా పొయ్యడానికి చోటు లేక కొంత, చెట్టు మీద ప్రేమతో కొంత. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. మొన్న పనిమీద ఆ ఊరు వెళ్ళి చూశాను. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వచ్చిన పెన్షనర్లు ఏడెనిమిది మంది దాని కింద అరుగు మీద కూర్చుని ఉన్నారు. అటెండరు లేడు, పోయి చాలా ఏళ్ళయింది. నాకు అభినందన ఉత్తరం వచ్చింది, అతనికి రాలేదు.

మన భవనం

ఇప్పుడు ప్రతిపాదన. మన సంఘ భవనానికి ముఖద్వారం ఆర్చి కట్టడానికి 2 లక్షల 40 వేలు అనుకున్నాం. ఆర్చి వద్దని నేను అనను. దానికంటే ముందు చెయ్యవలసినవి మూడున్నాయని సభవారికి మనవి చేస్తున్నాను.

ఒకటి. మన బోరు రెండేళ్ళుగా వేసవిలో ఎండిపోతోంది. పోయిన వేసవిలో 5 వేల లీటర్ల టాంకర్లు 14 కొన్నాం. మన మిద్దె సుమారు 1,500 చదరపు అడుగులు, అంటే 140 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. 550 మిల్లీమీటర్లు కురిస్తే 77 వేల లీటర్లు. అయిదో వంతు ఆవిరికీ వృథాకూ తీసేసినా 61 వేల లీటర్ల పైచిలుకు. పన్నెండు టాంకర్ల నీళ్ళు! ఇప్పుడవి గొట్టంలోంచి దిగి, వీధి కాలువలో కలిసి పోతున్నాయి. వాన పడేది ఆశ్వయుజంలో, మనకు కరువు వచ్చేది చైత్రంలో. కాబట్టి ఆ నీళ్ళను బోరు పక్కన ఇంకుడుగుంతలోకి పంపాలి. పోసిన ప్రతి లీటరూ మన బోరులోకే తిరిగి వస్తుందని నేను హామీ ఇవ్వను. భూమి లోపల హద్దురాళ్ళు ఉండవు. పక్కవాడి బోరుకు పోయినా మన ఊరిలోనే ఉంటుంది.

రెండు. మన హాలులో పాత 40 వాట్ల ట్యూబులైట్లు 14 ఉన్నాయి. చోకుతో కలిపి ఒక్కొక్కటి 50 వాట్లు తింటుంది. 20 వాట్ల ఎల్.ఇ.డి. వేస్తే అదే వెలుగు. రోజుకు అయిదు గంటల వాడకం మీద నెలకు 63 యూనిట్లు మిగులుతాయి. సౌరఫలకాల గురించి ఇళ్ళున్న సభ్యులు కూడా ఆలోచించండి. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఇంటి కప్పు పథకంలో 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ ప్రకటించారు. మన పిల్లల్ని అడిగితే దరఖాస్తు వాళ్ళు నింపుతారు.

మూడు. ఇది అన్నింటికంటే చౌక. నోటీసు బోర్డు మీద ఒక కాగితం. ప్రతి నెలా మన భవనం కాల్చిన యూనిట్లు ఎన్ని, కొన్న టాంకర్లు ఎన్ని, ఆవరణలో నాటిన మొక్కల్లో బతికి ఉన్నవి ఎన్ని. మూడు అంకెలు. పెరిగినా వెయ్యాలి, తగ్గినా వెయ్యాలి. ఆ కాగితం రాసే బాధ్యత నాకివ్వమని కోరుతున్నాను. ఒకసారి తప్పు రాసిన చేతికి మళ్ళీ సరిగ్గా రాసే అవకాశం ఇవ్వండి.

ఈ మాట కార్యవర్గంలో అంటే ఒక పెద్దాయన, నాకంటే నాలుగేళ్ళు సీనియరు, నవ్వుతూ అన్నారు: "2030 చూస్తామో లేదో, మనకెందుకయ్యా ఇదంతా?" ఆయన మాటలో నిజముంది. నాకూ డెబ్భై దాటి చాలా ఏళ్ళయింది. కాని ఆయన ఇంటి పెరట్లో కొబ్బరిచెట్టు ఆయన తండ్రిగారు డెబ్భై రెండో ఏట నాటినది. కాయలు ఈయన తింటున్నారు. ఆ మాట గుర్తుచేస్తే ఆయన కాసేపు ఊరుకుని, "సరే, ఇంకుడుగుంతకు నా వంతు వెయ్యి రూపాయలు రాసుకో" అన్నారు. రసీదు నంబరు ఒకటి ఆయనదే.

ఇంకొక లెక్క కూడా చెప్పి ముగిస్తాను. బెంగుళూరు నుంచి ఫీనిక్సు దాకా మేమిద్దరం వెళ్ళి వచ్చిన విమానప్రయాణం వల్ల, మా ఇంట్లో చాలా సంవత్సరాలు దీపాలు వెలిగించినదానికంటే ఎక్కువ కాలుష్యం జరిగి ఉంటుంది. మూడో పద్దు అదే. మనవడిని చూడకుండా ఉండలేం, వెళ్ళకుండా ఉండలేం. దానికి జమ ఎక్కడ వెయ్యాలా అని ఆలోచించి, తిరిగి వచ్చిన వారానికి మా వీధిలో నాలుగు వేపమొక్కలు, ఒక కానుగ నాటాను. చెల్లుకు చెల్లు అని నేను అనను. ఒకటి మేక తినేసింది. నాలుగు బతికాయి. రోజూ సాయంత్రం నేనే నీళ్ళు పోస్తున్నాను. ఈ ఫోనులో పిలిచినప్పుడల్లా మనవడు అడిగేది ఒకటే: "ఎన్ని ఉన్నాయి తాతా?" ఉన్నవెన్నో అన్నే చెబుతున్నాను.

నా మాటల్లో తప్పులుంటే పెద్దలు మన్నించాలి. నా ప్రతిపాదన మీద సభవారు నిర్ణయం తీసుకోవలసిందిగా ప్రార్థిస్తున్నాను.